పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ప్రేమ పేరుతో మోసపోయిన మనిషి, ఆ ఇంటి మనుషులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒకే చోట ఇస్తున్నాను. మూడూ ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగువారు రాసినవే. రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా ఆన్‌లైన్ పరిచయం ప్రేమగా మారి సొమ్ము పోవడం, ఆ తరువాత ఇంటా బయటా ఎదురైన మాటలు మూడింటిలోనూ ఉన్నాయి. మనుషులను ఆనవాలు పట్టించే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: మా అప్పకు 52 ఏళ్లు. బావగారు పోయి ఆరేళ్లయింది. బరంపురంలో మా నాన్నగారి పాత ఇంట్లోనే ముందు భాగంలో ఉంటుంది. పట్టుచీరలకు కుచ్చులు వేసి, అప్పడాలు ఒత్తి తన ఖర్చులు తానే వెళ్లదీసుకుంటుంది. కూతురు పెళ్లయి హైదరాబాదులో ఉంది. నిరుడు ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తి పరిచయమై, తాను స్కాట్లాండ్‌లో స్థిరపడిన తెలుగు డాక్టరునని, భార్య పోయిందని చెప్పాడట. నాలుగు నెలలు రోజూ మాట్లాడుకున్నాక దసరాకు నగలు, ఫోను, విదేశీ డబ్బు పార్సెల్‌లో పంపానన్నాడు. మర్నాడు ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అంటూ ఒక ఆడమనిషి ఫోను చేసి 35,000 కట్టమంది. తరువాత జరిమానా అని, మరొక ధ్రువపత్రం అని అడుగుతూ మొత్తం 4,80,000 లాగేశారు. మా అమ్మ ఇచ్చిన కంటె, గాజులు తాకట్టులో ఉన్నాయి. వడ్డీ నోటీసు వస్తేనే నాకు సంగతి తెలిసింది. కోపం పట్టలేక నలుగురిలో అనరాని మాటలన్నాను. నా భార్య ఆమెతో మాట్లాడటం మానేసింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని వీధిలో అంటున్నారు. ఫోను లాక్కున్నాను. అయినా పక్కింటివాళ్ల ఫోను అడిగి తీసుకుని అతనితోనే మాట్లాడిందని తెలిసింది. పరువు పోతుందని పోలీసుల దగ్గరకు వెళ్లలేదు. నెల దాటింది. ఇప్పుడేం చేయాలి? ఆమెకు బుద్ధి వచ్చేదెలా?
– ఒక తమ్ముడు, బరంపురం

జవాబు: మీ చివరి ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు ఆ ఫోను ఆమెకు తిరిగి ఇచ్చేయండి. అందులోని సంభాషణలు, అతను పంపిన ఫొటోలు, సొమ్ము వేయమన్న ఖాతాల నంబర్లు, బ్యాంకు సందేశాలు అన్నీ కేసుకు ఆధారాలు. కోపంలో ఎవరైనా వాటిని చెరిపేస్తే మళ్లీ సంపాదించడం కష్టం. ఆమె పక్కన కూర్చుని వాటిని తేదీల వారీగా భద్రపరచిన తరువాతనే అతని నంబరును బ్లాక్ చేయాలి. అదీ ఆమె చేతితోనే జరగాలి.

ఆ వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2021లో మొదలైన ఈ ఏర్పాటుకు బ్యాంకులు, చెల్లింపుల సంస్థలు అనుసంధానమై ఉన్నాయి కనుక, ఫిర్యాదు అందగానే సొమ్ము ఏ ఖాతాకు, అక్కడి నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో వెతికి, ఎక్కడైనా మిగిలి ఉంటే కదలకుండా ఆపే వీలుంది. అలా ఆగిన సొమ్మును చేతికి తెచ్చుకోవడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. నెల దాటాక మొత్తం దొరుకుతుందని నేను మీకు ఆశ పెట్టలేను. ఇలాంటి ముఠాలు సొమ్మును ఎవరెవరి పేరనో ఉన్న అద్దె ఖాతాలలోకి ముక్కలుగా మళ్లించి నిమిషాల మీద తీసేస్తాయి. పరువు కోసం మీరు ఆగిన నెల రోజులూ మోసగాడికే పనికివచ్చాయి. అయినా ఫిర్యాదు చేయండి. అదే ఖాతాలోకి ఈ రోజు మరొక ఇంటి గాజుల సొమ్ము వచ్చి పడుతూ ఉండవచ్చు.

బ్యాంకు విషయంలో ఒక మాట ముందే తెలుసుకోవాలి. ఖాతాదారుకు తెలియకుండా సొమ్ము పోతే మూడు పనిదినాలలోగా తెలియజేసినవారికి నష్టం అంటకుండా చూడాలని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. మీ అప్పగారు తన చేతితో తానే పంపారు కనుక ఆ రక్షణ వర్తించదని బ్యాంకువారు అనవచ్చు. ఆ మాటతో నిరాశపడి వెనుదిరగకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసు దర్యాప్తుకు అది అవసరమవుతుంది.

మీ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి నాకు తెలుసు. బరంపురం తెలుగిళ్లలో ఆడవారు ఒడియా ధారాళంగా మాట్లాడతారు గాని అర్జీ రాయవలసి వస్తే మరొకరి చేయి కావాలి. ఆ మరొకరి ద్వారా సంగతి వీధంతా పాకుతుందన్న భయంతోనే చాలామంది స్టేషన్ మెట్లెక్కరు. ఆమె చెప్పినది చెప్పినట్టుగా మీరే తెలుగులో, తేదీ, మొత్తం, ఖాతా నంబరు, లావాదేవీ సంఖ్య వరుసలో రాసుకుని, దాన్ని ఒడియాలోకో ఇంగ్లీషులోకో మార్చే పని హైదరాబాదులో ఉన్న కూతురుకు అప్పగించండి. బరంపురంలో సైబర్ పోలీసు స్టేషన్ ఉంది. అక్కడికి ఆమెను ఒంటరిగా పంపకండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిలిపివేసిన వాక్యం దగ్గరకు వస్తాను. పక్కింటి ఫోను తీసుకుని అతనితోనే మాట్లాడిందని మీరు రాశారు. అది ఆమె బుద్ధిహీనతకు రుజువుగా మీకు తోచింది. నాకు మరొకటి కనిపించింది. మీరు ఆమెను తిట్టారు, మరదలు మాట మానేసింది, వీధి నవ్వుతోంది. ఆ రోజున ఆమెతో మెత్తగా మాట్లాడే మనిషి లోకంలో ఆ దొంగ ఒక్కడే మిగిలాడు. ఇంటి తలుపులన్నీ మూసేసి, అతని వాకిలి ఒక్కటి తెరిచి ఉంచినది మీరే. మోసగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మీ వాళ్లకు చెప్పకు, వాళ్లు మన మధ్య ప్రేమను అర్థం చేసుకోలేరు అని ముందుగానే నూరిపోస్తారు. తరువాత ఇంట్లో వాళ్లు సరిగ్గా అలాగే ప్రవర్తిస్తే, చూశావా నేను చెప్పలేదా అంటారు.

మన ఇళ్లలో ఒకప్పుడు పెళ్లిళ్ల పేరయ్య సంబంధం తెచ్చేవాడు. వరుడికి ఉద్యోగం ఉందని, భూములున్నాయని చెప్పి, పెళ్లయ్యాక అవేవీ లేవని తేలితే ఊరంతా ఎవరిని తిట్టేది? పేరయ్యను, వరుడి తండ్రిని తిట్టేది. నమ్మి పిల్లనిచ్చిన తండ్రిని అయ్యో పాపం అనేది. అబద్ధం అదే, నమ్మకం అదే, పోయిన బంగారం కూడా అదే. మధ్యలో ఫోను వచ్చి, నమ్మినది 52 ఏళ్ల విధవరాలు కాగానే తప్పు చేసిన మనిషి ఎలా మారిపోయాడు? ఈ వయసులో అన్న మాటలోనే జవాబు ఉంది. ఆమె డబ్బు పోగొట్టుకున్నందుకు కాదు, తోడు కోరుకున్నందుకు మనం శిక్షిస్తున్నాము. భర్త పోయిన ఆడది తిన్నావా అని అడిగే మనిషి కోసం ఆశపడటం నేరమని ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట ఆరేళ్లలో ఆ ఇంట్లో ఆమెను ఎందరు అడిగారో మీరే గుర్తు చేసుకోండి.

బ్రిటన్‌లో ఇలాంటి బాధితులపై చాలాకాలం పరిశోధన చేసిన మనస్తత్వవేత్త మోనికా విట్టీ, వారికి తగిలేది రెండు దెబ్బలని రాశారు: ఒకటి సొమ్ము పోవడం, రెండు బంధం పోవడం. సొమ్ము కంటే బంధం పోయినందుకే ఎక్కువ కుమిలిపోయినవారూ వారిలో ఉన్నారు. మీ అప్పగారికి ఇప్పుడు జరిగినది ఒక రకంగా చావు. ఆ మనిషి అసలు లేడు కనుక ఏడవడానికి శవం కూడా లేదు. నాలుగు నెలలు రోజూ పలకరించిన గొంతు అబద్ధమని ఒక్క పూటలో ఒప్పుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే అతను మోసగాడని మీరు వాదించి గెలవాలని చూడకండి. కస్టమ్స్ వారు పార్సెల్ విడిపించడానికి ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు వేయమనరని, 2019 నవంబరు నుంచి వారు పంపే లేఖలపై ఒక గుర్తింపు సంఖ్య ఉంటుందని, అది నిజమో కాదో వారి వెబ్‌సైటులోనే సరిచూడవచ్చని ఆమెకు చూపండి. ఆమెకు వచ్చిన కాగితాన్ని ఆమెనే సరిచూసుకోనివ్వండి. తానుగా తెలుసుకున్న నిజం నిలుస్తుంది.

కనుక బుద్ధి వచ్చేదెలా అన్న ప్రశ్నను దయచేసి వదిలేయండి. నలుగురిలో అన్న మాటలకు నలుగురిలోనే క్షమాపణ చెప్పండి. తాకట్టు వడ్డీ కొన్నాళ్లు మీరు కట్టగలిగితే కట్టి, దాన్ని మళ్లీ ఎత్తిపొడవకండి. ఆమె అతనికి ఫొటోలేమైనా పంపారా అని నిలదీయకండి. అతను వాటితో బెదిరిస్తుంటే అది బలవంతపు వసూలు అనే వేరే నేరమని, ఆ సిగ్గు ఆమెది కాదని మాత్రం కూతురు ద్వారా తెలియనివ్వండి. అవమానం భరించలేక ప్రాణం మీదకు తెచ్చుకునేవారూ ఉంటారు. ఆమె నిద్ర మానేసినా, తిండి మానేసినా, బతికి ఏం లాభం వంటి మాటలన్నా ఆలస్యం చేయక 14416కు ఫోను చేయండి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఈ టెలీ మానస్ సేవ ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో ఒక ప్రైవేటు విద్యాసంస్థలో లెక్కలు చెబుతాను. వయసు 36. పెళ్లి సంబంధాల వెబ్‌సైటులో పరిచయమైన ఒక అమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగమని చెప్పింది. రెండు నెలల తరువాత ఒక ట్రేడింగ్ యాప్ చూపింది. మొదట 10,000 పెడితే 11,500 నా ఖాతాకు వచ్చాయి. తరువాత అప్పు చేసి మొత్తం 11 లక్షలు పెట్టాను. యాప్‌లో 34 లక్షలు కనిపిస్తున్నాయి గాని, తీసుకోవాలంటే ముందుగా 20 శాతం పన్ను కట్టమంటున్నారు. నా బ్యాంకు ఖాతా ఆంధ్ర వైపు ఉంది. సరిహద్దుకు ఇటు స్టేషన్‌లో అటు వెళ్లమన్నారు, అటు స్టేషన్‌లో ఇటు వెళ్లమన్నారు. లెక్కల మాస్టరుకు ఈ లెక్క తెలియలేదా అని ఒకరు నవ్వారు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో ఒకాయన హ్యాకర్‌నని, 15 శాతం ముందు ఇస్తే డబ్బు రాబడతానని అంటున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పోయిన సొమ్ము రాబడతామని వచ్చేవారు చాలాసార్లు మొదటి ముఠావారే అయి ఉంటారు, లేదా వారి దగ్గర బాధితుల జాబితా కొనుక్కున్నవారు అయి ఉంటారు. ఆ 20 శాతం పన్ను కూడా అలాంటిదే. మన దేశంలో ఆదాయపు పన్ను ప్రభుత్వానికి చెల్లిస్తాము. మీ సొమ్ము మీకు ఇవ్వడానికి ముందుగా పన్ను తెమ్మని ఏ నిజమైన బ్రోకరూ అడగడు. యాప్‌లో కనిపించే 34 లక్షలు తెరమీద రాసిన అంకె మాత్రమే. ఇది చదవడం మీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను, ఎందుకంటే ఆ అంకె మీద ఆశ మిగిలి ఉన్నంతకాలం మీరు ఇంకా అప్పు చేస్తారు.

పోలీసు స్టేషన్ల మధ్య తిరగవలసిన అవసరం మీకు చట్టప్రకారం లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజులలోగా వెళ్లి సంతకం చేయాలి. నమోదు చేయడానికి నిరాకరిస్తే అదే సెక్షన్ కింద జిల్లా ఎస్పీకి తపాలాలో రాతపూర్వకంగా పంపవచ్చు, ఆ తరువాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మీ ఫిర్యాదులో మోసానికీ, మరొకరినని చెప్పి మోసగించడానికీ సంబంధించిన భారతీయ న్యాయ సంహితలోని 318, 319 సెక్షన్లను, కంప్యూటరు సాధనంగా మారువేషంతో మోసగించడాన్ని శిక్షించే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66డి సెక్షన్‌ను పేర్కొనండి. ఈ చివరిదానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. సరిహద్దులో బతికేవారికి రెండు రాష్ట్రాల మధ్య తిరగడం రేషను కార్డు నుంచీ అలవాటే గనుక, ఈ హక్కు మీకు మిగతావారికంటే ఎక్కువ అవసరం.

మిమ్మల్ని చూసి నవ్విన ఆయన లెక్కలో తప్పుంది. మీరు 10,000 ఇచ్చి 11,500 తీసుకున్నారు. చేతికి వచ్చిన ఫలితాన్ని చూసి తరువాతి అడుగు వేయడమే లెక్కల మనిషి చేసే పని. మీ తర్కం సరిగానే ఉంది, మీ ముందు పెట్టిన ఆధారం దొంగది. మోనికా విట్టీ పరిశోధనలోనే బాధితులు ఎక్కువగా నడివయసువారు, బాగా చదువుకున్నవారు అని తేలింది. అమెరికాలో 2022 ఒక్క ఏడాదిలోనే దాదాపు 70,000 మంది ఇలాంటి ప్రేమ మోసాలపై ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. వారు చెప్పిన నష్టం 130 కోట్ల డాలర్లు. అంత మందీ తెలివితక్కువవారని అనుకోవడం సులభమే గాని, అలా అనుకున్నవారే తమ వంతు వచ్చినప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోతారు.

పరిచయంతో మొదలుపెట్టి పెట్టుబడిలోకి దించే ఈ పద్ధతికి మోసగాళ్లు పెట్టుకున్న పేరు పందిని మేపి కోయడం. పత్రికలూ పోలీసులూ చాలాకాలం ఆ పేరునే వాడారు. బాధితుడిని జంతువుగా పిలిచే ఆ మాట వల్ల వారు ముందుకు రావడానికి సిగ్గుపడుతున్నారని, దాన్ని మానేయాలని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ కోరింది. ఒక అంతర్జాతీయ పోలీసు సంస్థ మాట విషయంలో అంత జాగ్రత్త పడితే, మన స్టేషన్‌లో, మన స్టాఫ్ రూమ్‌లో మనమెందుకు పడకూడదు?

మరొకటి కూడా మీరు తెలుసుకోవాలి. మీతో రెండు నెలలు మాట్లాడిన అమ్మాయి ఎవరో మనకు తెలియదు. కంబోడియాలో సుమారు లక్ష మందిని, మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని బలవంతంగా ఇలాంటి పనులలో పెట్టి ఉండవచ్చని 2023 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. మీకు తీయని మాటలు రాసినది కూడా పాస్‌పోర్టు లాక్కోబడి, దెబ్బలకు భయపడి కూర్చున్న ఉత్తరాంధ్ర కుర్రవాడే కావచ్చు. దీనివల్ల మీ 11 లక్షల బరువు తగ్గదు. నేరం చేసేవారి అసలు చోటు ఎక్కడుందో, మన కోపం ఎటు వెళ్లాలో మాత్రం తెలుస్తుంది.

ప్రశ్న: పర్లాకిమిడిలో మా వీధి ఆడవాళ్లం కార్తీకమాసం భజనలకు కలుస్తుంటాము. మాలో ఒకావిడ ఫోనులో పరిచయమైనవాడి చేతిలో మోసపోయింది. అతనికి ఆమె రాసిన మాటల స్క్రీన్‌షాట్ ఎలాగో బయటకు వచ్చి మా వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అందరితో పాటు నేనూ నవ్వాను, మా చెల్లెలికి పంపాను కూడా. ఆమె భజనకు రావడం మానేసింది. కిటికీ కూడా తెరవడం లేదు. నాకు మనసు ఒప్పడం లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు ఈ ఉత్తరం రాసినందుకు నాకు మీమీద గౌరవం కలిగింది. నేనూ ఇలాంటి తప్పు చేశాను. చాలా ఏళ్ల క్రితం ఇదే శీర్షికకు ఒకావిడ తన సొమ్ము ఎలా పోయిందో రాస్తే, ఇంత చదువుకుని ఎలా నమ్మారమ్మా అని నా జవాబు మొదలుపెట్టాను. ఆ వాక్యం అచ్చయ్యాక ఆమె నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. ఆమెకు సొమ్ము దొరికిందో లేదో, ఎలా ఉందో నాకు ఈనాటికీ తెలియదు.

ముందు ఆ స్క్రీన్‌షాట్‌ను మీ ఫోనులో తీసివేసి, మీ చెల్లెలినీ తీసివేయమనండి. గ్రూపులో మీ పేరుతోనే, నేను పంపడం తప్పు, మీరూ తీసివేయండి అని రాయండి. ఒకరిద్దరు నొచ్చుకుంటారు, ఫరవాలేదు. నవ్వడానికి ముందుండినవారు ఆపడానికీ ముందుండాలి.

తరువాత ఆమె ఇంటికి ఒక్కరే వెళ్లండి. తలుపు తీస్తే, నేను చూశాను, నవ్వాను, నా తప్పు అని చెప్పండి. ఎంత పోయింది, వాడు ఎలా ఉండేవాడు, ఎలా మాట్లాడేవాడు అని అడగకండి. ఇంట్లో ఏం వండారో అడగండి. ఫిర్యాదు చేయలేదని ఆమె తానుగా చెబితే 1930 సంగతి చెప్పి, స్టేషన్‌కు తోడు వస్తానని అనండి. తలుపు తీయకపోతే గడప దగ్గర కాసేపు కూర్చుని రండి. వచ్చే భజనకు వెళుతూ ఆమె గుమ్మం ముందు ఆగి, వరస కలిపి, గొంతెత్తి పిలవండి. రానంటే మరుసటి వారం మళ్లీ పిలవండి.